గెడ్డమ్మ తెచ్చిన సారె

ఆముదాలపేటలో గెడ్డ పారదు, పేరుకుంటుంది. పూర్వం వాగులా పారేదనీ, అందులో పరిగె చేపలు దొరికేవనీ ముసలివాళ్ళు చెబుతారు గానీ, వాళ్ళు చెప్పేవన్నీ నమ్మితే ఈ ఊరి కుళాయిల్లో ఒకప్పుడు నీళ్ళు కూడా వచ్చేవని నమ్మాల్సి వస్తుంది. ఇప్పుడు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కుక్కలు కాలు తడవకుండా నడిచిపోతాయి. ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్ పళ్ళేలు, ఒలిచిన కొబ్బరి బొండాలు, చిరిగిన పరుపులు, నడుమ ఎవరిదో ఒక సోఫా. మధ్యాహ్నం పూట ఆ సోఫా మీద మేకలు పడుకుంటాయి.

గెడ్డ వీధి పల్లంలో చివరి ఇల్లు అసిరమ్మది. మొగుడు లారీ మీద తిరుగుతూ ఎప్పుడో గానీ ఇంటికి రాడు. ఇంట్లో ఉండేది అసిరమ్మ, ఆమె అత్త గురమ్మ. గురమ్మకి మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. ఏటా వానల్లో గెడ్డ నీళ్ళు చెత్తకి తన్ని, వెనక్కి మళ్ళి, నేరుగా అసిరమ్మ ఇంట్లో దూరతాయి. కదల్లేని మనిషిని ఎక్కడికని మోస్తుంది? మంచం కోళ్ళ కింద తలా ఒక ఇటుక పెట్టింది. మరుసటేడు నీళ్ళు ఇంకాస్త పైకొచ్చాయి, ఇంకో ఇటుక పెట్టింది. అలా ఏటికో వరస పేర్చుకుంటూ పోతే, ఇప్పుడు అత్తకి కాఫీ అందించాలంటే కోడలు పీట ఎక్కాల్సి వస్తోంది. గురమ్మ లేచి కూర్చుంటే ఇంటి కప్పు రేకు నెత్తికి తగులుతోంది.

ఎండలు ముదిరిన ఒకరోజున గురమ్మ ఆ ఎత్తు మీంచి కోడల్ని పిలిచింది.

"ఒలే అసిరీ, ఈ ఏడు ఎట్టడానికి ఇటుకుంది, నువ్వున్నావు. తలెట్టుకోడానికి నాకు సోటు నేదు. వానకి మునగమంటావో రేకుకి గుద్దుకోమంటావో నువ్వే సెప్పు."

రెండూ వద్దనుకుని అసిరమ్మ మున్సిపల్ ఆఫీసుకి బయల్దేరింది.

వెళ్ళడం కొత్తేమీ కాదు. ఏటా వేసవిలో వెళ్ళి, గెడ్డలో చెత్త తియ్యమని కాగితం ఇచ్చి, దాని మీద ముద్ర కొట్టించుకుని వచ్చేది. ముద్ర కొట్టడంలో ఆ ఆఫీసు ఎన్నడూ ఆలస్యం చేసి ఎరగదు. ఈసారి మాత్రం ఫిర్యాదుల కిటికీ మీద పాత బోర్డు పోయి కొత్తది వచ్చింది. దాని మీద 'రచనల స్వీకరణ విభాగము' అని ఉంది.

జరిగిందేమిటంటే, కమిషనర్ చక్రధర్ గారు ఎక్కడో చల్లటి కొండ మీద జరిగిన శిక్షణ తరగతులకి వెళ్ళి వచ్చారు. జనానికి సమస్యని సమస్యగా చెబితే వినరు, వాళ్ళ ఊరి పాటగా, వాళ్ళ ఊరి కథగా చెబితే వింటారు అని అక్కడ నేర్పారు. మాట మంచిదే, కాదనడానికి లేదు. కానీ ఎంత మంచి మాటైనా ఆఫీసులో పడితే సర్క్యులరై లేస్తుంది. 'స్థానిక సాహిత్య మాధ్యమంగా సామాజిక, పర్యావరణ చైతన్య సాధన పథకము' అని దానికి పేరు పెట్టారు. ఊపిరి చాలనివాళ్ళు సాహిత్యం స్కీము అనుకున్నారు. చెత్త, నీళ్ళు, దోమలు, చెట్లు, దీపాలు మొదలైన వాటి మీద ఫిర్యాదులు ఇకపై స్థానిక సాహిత్య రూపంలో తప్ప మామూలు మాటల్లో స్వీకరించబడవని అందులో ఏడో పేరా. సమస్యని సాహిత్యంగా మలచుకోలేని సమాజానికి ఆ సమస్య మీద పూర్తి అవగాహన లేనట్టేనని ఎనిమిదో పేరా.

కిటికీ వెనక లింగమూర్తి మాస్టారు కూర్చుని ఉన్నారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన్ని రచనల యోగ్యత తేల్చడానికి నియమించారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల తప్పులు దిద్దిన ఎర్ర పెన్నే ఇంకా జేబులో ఉంది.

అసిరమ్మకంటే ముందు ఇద్దరున్నారు. ఒకాయన తన సందులో వీధి దీపం వెలగట్లేదని సీసపద్యం రాసుకొచ్చాడు. సీసం కింద గీతపద్యం లేదని మాస్టారు వెనక్కి ఇచ్చేశారు. రెండో ఆయన గేదె చచ్చిపోయి మార్కెట్టు మలుపులో పడి ఉంది. దాన్ని తీయించమని అతను స్మృతిగీతం తెచ్చాడు. అది రెండోసారి తేవడం. మొదటిసారి గేదె గుణగణాలు చాలలేదన్నారట. ఇప్పుడు గుణగణాలు సరిపోయాయి గానీ కరుణ తగ్గిందన్నారు. గేదె మాత్రం తన వంతు తాను ముదురుతూనే ఉందని, గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆఫీసు మొత్తానికీ తెలిసింది.

అసిరమ్మ కాగితం మాస్టారు రెండుసార్లు చదివారు. 'బాబూ గెడ్డలో చెత్త తియ్యండి, నీళ్ళు ఇంట్లోకొస్తన్నాయి' అని అందులో ఉంది.

"ఇందులో విషయముందమ్మా, అలంకారం లేదు. నువ్వు గెడ్డని చూశావు గానీ గెడ్డ నీలో పాడలేదు" అన్నారు మాస్టారు.

"గెడ్డ పాడదు బాబూ, కంపు కొడతాది" అంది అసిరమ్మ.

మాస్టారు ఆ వాక్యంలో ఏదో బీజముందని మెచ్చుకుని, పెంచి తెమ్మన్నారు.

ఇంటికొచ్చి అసిరమ్మ పీటెక్కి జరిగిందంతా అత్తకి చెప్పింది. గురమ్మ నవ్వలేదు. పాట కావాలంటే ఇస్తాం, అదెంత పని, అంది. అనగల మనిషే. మోకాళ్ళు బాగున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల గురమ్మ లేకుండా పెళ్ళి పందిరి లేచేది కాదు. ఆముదాలపేట పెళ్ళిళ్ళలో బంతి పాట అని ఒక ఆచారం ఉంది. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చోగానే ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు ఇత్తడి పళ్ళెం ఒకటి ముందు పెట్టుకుని వాళ్ళ మీద ఎగతాళి పాట ఎత్తుకుంటారు. పాట ఎవరి మీద పడితే వాళ్ళు కోపం తెచ్చుకోకూడదు, విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. పాటలో అడిగిన వస్తువు తేవడానికి తప్ప విస్తరి ముందు నుంచి లేవకూడదు. అడిగింది పళ్ళెం నిండా పడితేనే పాట ఆగుతుంది. మామూలు ఆడవాళ్ళు చీరో రవికెల గుడ్డో అడుగుతారు. గురమ్మ ఒకసారి పెళ్ళికొడుకు మేనమామ మీసం అడిగింది. విస్తట్లో పప్పు చల్లారి గడ్డకట్టేదాకా ఆయన బిగదీసుక్కూర్చుని, ఆఖరికి మంగలిని పిలిపించుకున్నాడు.

ఆ నోటితో గురమ్మ ఇప్పుడు గెడ్డని వియ్యపురాలిని చేసింది. అసిరమ్మ రాసుకుంది.

గెడ్డమ్మ వదినా, మా గుమ్మం దాకా వచ్చినావా
గుప్పెడు పసుపైనా నేక గుట్టల సారె తెచ్చినావా
అరిసెల బుట్టేదని అడిగితే సంచుల బుట్ట సూపినావా
సున్నుండలేవని అడిగితే సోఫా ఒకటి దింపినావా

మర్నాడు కిటికీ దగ్గర అసిరమ్మ దాన్ని చదవబోయింది. పాటని ఊరికే చదవడం నోటికి రాక పాడేసింది. పాడుతుంటే మాస్టారి చేతిలో ఎర్ర పెన్ను తనంతట తనే మూతపడింది. బిల్ కలెక్టర్లు కుర్చీలు వదిలి వచ్చారు. కమిషనర్ గారు గదిలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇది మట్టి సాహిత్యమని, ఆఫీసు గోడల మధ్య మొట్టమొదటిసారి మట్టి వాసన వేసిందని అన్నారు. మార్కెట్టు మలుపు నుంచి వస్తున్న వాసన సంగతి ఆ ఉద్వేగంలో ఎవరికీ గుర్తు రాలేదు.

అసిరమ్మ సంతోషానికి హద్దు లేదు. ఎల్లుండి కాకపోతే ఆవలెల్లుండి పొక్లెయిన్ వస్తుందని అత్తతో చెప్పింది. గురమ్మ మాత్రం పళ్ళెంలో ఏదైనా పడిందా అని అడిగింది. ఇంకా లేదంది అసిరమ్మ. అయితే పాట అవ్వలేదన్నమాట అని గురమ్మ పక్కకి తిరిగి పడుకుంది.

పొక్లెయిన్ రాలేదు, మైకు సెట్టు వచ్చింది. ఊళ్ళో చెత్త బండ్లన్నిటికీ పెద్ద పెద్ద స్పీకర్లు బిగించి, తెల్లవారుతూనే గెడ్డమ్మ వదినని వీధి వీధికీ తిప్పారు. స్పీకర్లు, బ్యాటరీ, హార్మోనియం పెట్టాక బండిలో చెత్తకి చోటు చాలలేదు. జనం బుట్టలు పట్టుకుని ఎదురొస్తే, ముందు పాట పూర్తిగా వినమని డ్రైవర్ చెప్పేవాడు. విన్నాక బండి వెళ్ళిపోయేది. చేతిలో బుట్ట పట్టుకుని ఎంతసేపని నిలబడతారు? పాట గుండెల్లోకీ బుట్ట గెడ్డలోకీ వెళ్ళేవి.

తర్వాత పారిశుద్ధ్య కార్మికులకి తప్పెటగుళ్ళు నేర్పించారు. చీపుళ్ళు స్టోర్లో అప్పజెప్పి తప్పెట్లు తీసుకోవాలని ఉత్తర్వు. దోమల మందు కొట్టేవాడు జముకుల కథ పట్టాడు. దోమలు ప్రశాంతంగా కూర్చుని విన్నాయి. విన్నాక వాడినే కుట్టాయి. ఆఖరికి చైతన్య సూచిక కొలవడానికి ఇంటింటికీ మనుషులొచ్చి, గెడ్డ మురికిగా ఉందన్న సంగతి మీకు తెలుసా అని అడిగి రాసుకున్నారు. తెలియదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆముదాలపేటలో పర్యావరణ చైతన్యం నూటికి నూరుపాళ్ళూ సాధించబడిందని కమిషనర్ గారు పైకి రిపోర్టు పంపారు.

అసిరమ్మ ఆఫీసుకి పరిగెత్తింది. చైతన్యం వచ్చేసింది కాబట్టి చెత్త ఎప్పుడు తీస్తారని అడిగింది. కమిషనర్ గారు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఎంతో ఓపిగ్గా వివరించారు.

"మన పథకంలో తీయడమనే అంశం లేదమ్మా. చైతన్యపరచడం వరకే మన పరిధి. చైతన్యవంతమైన సమాజం తనంతట తానే స్పందించవలసి ఉంటుంది."

"మాకు ముందునుంచీ తెల్సు కద బాబూ, గెడ్డ మురిగ్గా ఉందని."

"తెలుసు. కానీ ఇప్పుడు సాహిత్యపరంగా తెలుసు" అన్నారు ఆయన.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రిపోర్టు రాజధానిలో ఎవరినో కదిలించింది. ఆముదాలపేట నమూనాని స్వయంగా చూడటానికి ప్రత్యేకాధికారిణి గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ జానపద సంప్రదాయాల మీద పరిశోధన చేసిన మనిషి. ఏ పాటలోనైనా ఒక్క మాట మారితే భరించలేరు. కమిషనర్ గారు కంగారుపడి, మాస్టారిని వెంటబెట్టుకుని, పాట కాగితం చేతిలో పట్టుకుని గెడ్డ వీధికి తనిఖీకొచ్చారు. సంచులున్నాయి, టిక్కు పెట్టారు. సోఫా ఉంది, మేకల్ని లేపి టిక్కు పెట్టారు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఆగిపోయారు.

గెడ్డలో చెత్త అసిరమ్మ గుమ్మం దాకా రాలేదు. ఒడ్డు దగ్గరే ఆగిపోయింది. నడుమ శుభ్రంగా ఊడ్చి ముగ్గేసిన వాకిలి ఉంది.

పాటలో గుమ్మం దాకా అనే కదా ఉంది అన్నారు కమిషనర్ గారు. వానల్లో వస్తుంది బాబూ అంది అసిరమ్మ. తనిఖీ వానలకి ముందు కదమ్మా అన్నారు ఆయన. అది అతిశయోక్తి అలంకారమని సర్దిచెప్పబోయిన మాస్టారిని, సాహిత్యంలో ఉన్నది క్షేత్రంలో లేకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుందని, అలంకారాలకి బడ్జెట్లో పద్దు లేదని మందలించారు. మర్నాడే మూడు ట్రాక్టర్ల చెత్త వేరే వార్డుల నుంచి తెచ్చి, ముగ్గు మీంచి, గుమ్మానికి ఆనించి పోశారు. ఆముదాలపేటలో చెత్త ట్రాక్టర్లు పనిచేయడం ఆ వేసవిలో అదే మొదలు. పోస్తున్నవాళ్ళు పాటలో పస తగ్గకుండా పైన సంచులు కనబడేటట్టు సర్దారు కూడా.

అసిరమ్మకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ గెడ్డ ఒక్క వానాకాలంలోనే ఇంట్లోకొచ్చేది, ఇప్పుడు తన పాటే దాన్ని ఎండాకాలంలో గుమ్మంలోకి తెచ్చింది. చుట్టూ ఇనప కంచె వేసి బోర్డు కూడా పెట్టారు. 'సాహిత్య ప్రేరణా స్థలము. ఇచ్చటి వస్తువులను తొలగించుట, కదల్చుట, శుభ్రపరచుట నేరము.' ఇంటిలోకి పోవడానికి అసిరమ్మకి గుర్తింపు కార్డు ఇచ్చారు. దాని మీద 'రచయిత్రి కోడలు' అని రాసి ఉంది.

ఆకాశంలో మబ్బులు దిగుతున్నాయి. ఆమె మళ్ళీ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడింది. చెత్త తీసేస్తే పాట అబద్ధమైపోతుందన్నారు కమిషనర్ గారు. అయితే గెడ్డమ్మ వదిన తన సారె తాను తిరిగి పట్టుకుపోయినట్టు ఇంకో చరణం కట్టిస్తానంది. దానికి పాఠ పరిష్కరణ ఉపసంఘం వేయాలట, ఆ సంఘం వానలు వెలిశాక కూర్చుంటుందట. పాట మాదే కదా బాబూ అంటే, ఒకసారి స్వీకరించబడ్డాక అది సమాజానిదమ్మా అని ఎంతో మర్యాదగా చెప్పారు.

ఇంటికొచ్చి పీటెక్కి అత్త మంచానికి తల ఆన్చుకుంది.

"మనం ఉట్టి మాటలాడుకున్నా బాగుండేదత్తా. పాట కట్టి కొంప ముంచుకున్నాం."

గురమ్మ కోడలి నెత్తి మీద చెయ్యేసింది. "పాట తప్పు కాదే. పళ్ళెం నేకుండా పాడినాం, అదే తప్పు. ఆళ్ళు భోజనానికి ఎప్పుడు కూకుంటారో కనుక్కో" అంది.

కనుక్కోనక్కరలేకుండానే ఆహ్వానం వచ్చింది. ప్రత్యేకాధికారిణి గారి రాక సందర్భంగా ప్రేరణా స్థలం పక్కనే షామియానా వేసి, మూల గాయని గురమ్మకి సన్మానం, ఆపైన సహపంక్తి భోజనం అని అందులో ఉంది. గాయనిని యథాతథంగా, మంచంతో సహా తేవాలని ఒక నోటు. ఇటుకలు కూడానా అని మాస్టారు వచ్చి అడిగారు. ఇటుకలూ తేవాల్సిందేనంది గురమ్మ.

ఆరోజు ఉదయం నుంచే ఆకాశం నల్లగా ఉంది. ఎనిమిదిమంది కార్మికులు తప్పెట్లు కింద పెట్టి గురమ్మని మంచంతో మోసుకొచ్చి, కోళ్ళ కింద ఇటుకలు ఎప్పటిలాగే పేర్చారు. షామియానాలో అందరికంటే ఎత్తున ఆవిడే కూర్చుంది. శాలువా కప్పడానికి కమిషనర్ గారు స్టూలెక్కారు. ఉపన్యాసాలయ్యాయి. ప్రత్యేకాధికారిణి గారు గుమ్మం దాకా ఉన్న చెత్తని చేత్తో తాకి చూసి, మూలానికి ఇంత విధేయతని తన సర్వీసులో చూడలేదన్నారు. తర్వాత అందరూ అరిటాకుల ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. గుమ్మడికాయ పులుసు, కందిపప్పు, వంకాయ కూర, బూరెలు వడ్డించారు. కమిషనర్ గారు బూరె విరిచి నెయ్యి కోసం గుంట చేస్తున్నారు.

అప్పుడు గురమ్మ కళ్ళతో సైగ చేస్తే అసిరమ్మ సంచిలోంచి ఇత్తడి పళ్ళెం తీసి మంచం ముందు పెట్టింది.

బంతిలో కూకున్న బావగారూ, బూరె దించు బావగారూ
పట్టుచీరలు మాకొద్దు బావగారూ, పచ్చనోట్లు మాకొద్దు బావగారూ
పందిరి పక్కన గెడ్డమ్మ సారె పాడవుతున్నది బావగారూ
పట్టుకొచ్చి నా పళ్ళెం నిండా ఎట్టండి బావగారూ

ఊరివాళ్ళందరికీ ఒక్కసారిగా అర్థమైంది. వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. అర్థం కానిది కమిషనర్ గారికే. ఎంత బాగుందో అని చప్పట్లు కొట్టి బూరె నోటి దగ్గరికి తీసుకెళ్ళారు. పక్క విస్తరి ముందున్న మాస్టారు ఆయన ముంజేయి పట్టుకున్నారు. మాస్టారు ఆ ఊరివారే. గురమ్మ మీసం తీయించిన మేనమామ ఆయన సొంత పెదనాన్న. గబగబా ఆచారమంతా చెప్పారు.

కమిషనర్ గారు నవ్వి తోసిపుచ్చేవారే. కానీ ప్రత్యేకాధికారిణి గారి కళ్ళు అప్పటికే చెమ్మగిల్లాయి. బ్రతికి ఉన్న బంతి పాట ఎదురుగా జరుగుతోంది, కెమెరాలన్నీ ఇటు తిప్పండి, ఆచారం ఆసాంతం మార్పుచేర్పులు లేకుండా నమోదు కావాలి, ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టడానికి వీల్లేదు అని ఆదేశించారు. బూరె కింద పెట్టక తప్పలేదు.

అదే సమయానికి వాన మొదలైంది. మొదట చినుకులు, తర్వాత ఏకధార. గెడ్డ ఏటా చేసే పనే చేసింది. చెత్తకి తన్ని వెనక్కి తిరిగి షామియానాలోకి వచ్చింది. కమిషనర్ గారి విస్తరి తేలి, వంకాయ కూరతో సహా మెల్లగా మాస్టారి వైపు ప్రయాణమైంది. సభ ముగిద్దామా మేడమ్ అని ఆయన నీళ్ళు నములుతూ అడిగారు. మధ్యలో లేస్తే ఆచారభంగం అన్నారు ఆవిడ, నడుం దాకా తడిసి కూడా కదలకుండా. గురమ్మ మాత్రం ఇటుకల మీద పొడిగా కూర్చుని అదే పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆ ఇటుకలు ఎందుకున్నాయో ఆ ఊరి అధికారులకి మొట్టమొదటిసారి కంటికి కనబడింది.

కమిషనర్ గారు తమకి ఉన్న చివరి ఆయుధం తీశారు. ఇది ప్రేరణా స్థలమనీ, ఇక్కడి వస్తువులు తొలగించడం నేరమనీ, ఆ ఉత్తర్వు మీద సంతకం తమదేననీ విన్నవించుకున్నారు. ప్రత్యేకాధికారిణి గారు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"తొలగించడం వేరు, సమర్పించడం వేరు. ఇక్కడ చెత్త తొలగించబడటం లేదు చక్రధర్ గారూ, సాహిత్యానికి నివేదించబడుతోంది. లేవండి."

ఆయన పంచె ఎగ్గట్టుకుని లేచారు. వెనకాల మాస్టారు, ఆ వెనక ఇంజనీరు, అకౌంటెంటు, శానిటరీ ఇన్‌స్పెక్టరు. కంచె తలుపు తీసుకుని గెడ్డలో దిగి, తలా ఒక గుప్పెడు సంచులు తెచ్చి పళ్ళెంలో పెట్టారు. పళ్ళెం నిండింది. నిండగానే అసిరమ్మ దాన్ని తీసుకెళ్ళి షామియానా సామాను తెచ్చి పక్కన నిలిపిన ట్రాక్టర్లో బోర్లించి, ఖాళీది తెచ్చి మళ్ళీ అత్త ముందు పెట్టింది. ఇది మోసమన్నారు కమిషనర్ గారు.

"పెళ్ళిలో ఎట్టిన సీర పళ్ళెంలోనే ఉంచుతారేటి బాబూ? లోపలికి పట్టుకెళ్తారు" అంది గురమ్మ. పాట ఆపకుండా, రాగంలోనే అంది.

మాస్టారిని అడిగారు. ఆచారంలో అలాగే ఉందన్నారు మాస్టారు. మళ్ళీ దిగారు. తప్పెటగుళ్ళ కార్మికులకి ఆగబుద్ధి కాలేదు. స్టోర్లోంచి తట్టలు, పారలు తెచ్చుకుని వాళ్ళూ దిగారు. వీధివాళ్ళు ఊరుకుంటారా? వియ్యంకుడికి సాయం పట్టకపోతే మనకే తలవంపులని నవ్వుకుంటూ వచ్చేశారు. దీపం ఆయన, గేదె ఆయన కలిసి సోఫా మోసుకొచ్చారు. నలుగురైదుగురు పాటకి వంత పాడుతూ కాళ్ళు కూడా కదిపారు. వానలో తడుస్తూ, బురదలో జారిపడుతూ, ఊరంతా పెళ్ళివారైపోయారు. అసిరమ్మ పళ్ళెం బోర్లించి బోర్లించి భుజాలు పడిపోతున్నా నవ్వు ఆపుకోలేకపోయింది. పళ్ళెం చాలక ట్రాక్టర్నే పళ్ళెం అనుకోవచ్చా అని అకౌంటెంటు అడిగాడు. గురమ్మ దయతలచింది.

మోకాటి లోతు బురదలో నిలబడి, ఆకలికి కళ్ళు తిరుగుతుంటే కమిషనర్ గారు మంచం కేసి తలెత్తి చూశారు.

"అమ్మా, స్వయంగా మా చేతుల్తోనే తేవాలని ఆచారంలో ఉందా?"

"సేత్తో తెచ్చినా ఏనుగు మీద తెచ్చినా నాకొకటే బాబూ. పళ్ళెంలో పడాల" అంది గురమ్మ.

ఆయన తడిసిన ఫోను జేబులోంచి తీసి, ఇన్నేళ్ళుగా టెండర్లకీ ఎస్టిమేట్లకీ లొంగని పొక్లెయిన్‌ని ఒక్క మాటతో రప్పించారు. అది వచ్చి అడుగున గట్టిపడ్డ చెత్తని రెండు పట్లు పట్టేసరికి గెడ్డ గొంతులో అడ్డం తీసినట్టయి, షామియానాలో నీళ్ళన్నీ సుడి తిరిగి అటు లాగేశాయి. గెడ్డ పారింది. కమిషనర్ గారి విస్తరి అందరికంటే ముందు పారింది. సాయంత్రానికి పాట ఆగింది, అందరూ చల్లారిన పులుసుతో భోజనం చేశారు, అంత రుచైన పులుసు తాము ఎరగమన్నారు.

ఆ తర్వాత వారం పాటు వాన దంచికొట్టింది. నీళ్ళు అసిరమ్మ వాకిలి దాకా వచ్చి, గుమ్మాన్ని చూసి, వెనక్కి పోయాయి. గురమ్మ కోడల్ని పీటెక్కనివ్వకుండా, మంచం మీంచి కర్ర దించి నేలంతా పొడిచి చూసుకుంది. ఎక్కడా తడి లేదు. నమ్మకం చాలక మళ్ళీ మొదటి నుంచి పొడిచింది. అది చూసి అసిరమ్మకి దుఃఖం, సంతోషం కలిసి వచ్చాయి.

వాన వెలిసిన రోజున కమిషనర్ గారు స్వయంగా వచ్చారు, చేతిలో ఒక కాగితం. ప్రేరణా స్థలంలో చెత్త లేనందున ప్రేరణకు భంగం వాటిల్లిందని, దీనికి మూల గాయని పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని పై నుంచి తాఖీదు వచ్చిందట. తన తప్పేమీ లేదన్నట్టు నేల చూపులు చూస్తూ చదివి వినిపించారు.

గురమ్మ అంతా విని కోడలి వైపు తిరిగింది. "ఒలే అసిరీ, పళ్ళెం ఇలా తే." తర్వాత కమిషనర్ గారిని అడిగింది. "సంజాయిషీ పాటలో సెప్పమంటారా బాబూ, మాటలోనా?"

కమిషనర్ గారు గుమ్మం అవతలికి ఒక అడుగు వేశారు. "మాటలోనే చెప్పమ్మా. ఒక్క మాట చాలు" అన్నారు.

మరుసటి రోజుకల్లా ఆఫీసు కిటికీ మీద పాత బోర్డు మళ్ళీ వేలాడింది. కింద కొత్తగా ఒక వాక్యం చేర్చారు. 'ఫిర్యాదులు మామూలు మాటలలో మాత్రమే స్వీకరించబడును. భోజన సమయములో స్వీకరించబడవు.' గేదె ఆయన ఆ పూటే తన ఫిర్యాదు మూడు మాటల్లో ఇచ్చాడు. గంటలో బండి వచ్చింది.

అసిరమ్మ ఆ సాయంత్రం మంచం కోళ్ళ కింద ఇటుకలు ఒక్కొక్కటే లాగేసింది. అత్త ముఖం ఏళ్ళ తర్వాత తన ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. చివరి వరస లాగబోతుంటే గురమ్మ వద్దంది. నీళ్ళు రావత్తా, గెడ్డ పారుతోంది కదా, అని కోడలు నచ్చజెప్పింది.

"నీళ్ళకి కాదే. అదొక్కటీ ఉండనీ. వచ్చే ఏడు ఆళ్ళు మరచిపోతే, మళ్ళీ పాడ్డానికి కొంచెం ఎత్తుండాల" అంది గురమ్మ.